ఇరవై ఏడో పేజీ

అల్ అజీజియా, ఖోబర్, సౌదీ
12 అక్టోబర్ 2024

కావ్యకు పెద్దబాపు చెప్పేది.

నేను బాగున్నాను. మోకాలు బాగా లేదు, దాన్ని నాతో కలపకు.

ఫోన్ చేయక ఉత్తరం ఎందుకు రాశాడు ముసలాయన అని మీ అమ్మ నవ్వుతుంది. నవ్వనీ. ఫోన్‌లో విన్నది నాకు నిలవదు. కాగితం మీద ఉంటే పదిసార్లు చదివి చేస్తాను. మూడో తరగతి చదువు నాది, అక్షరాలు వంకర. మాట మాత్రం వంకర కాదు. చుట్టీ మీద ఊరికి పోయేవాళ్ళు ఉన్నంతకాలం నాకు పోస్టాఫీసు అక్కరలేదు. వాళ్ళ చేతికే ఇస్తాను.

పని ఇది. నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ముప్పై నాలుగేళ్ళలో నా రూములో ఉండి పోయిన మన దిక్కు మనుషులు అందులో ఉన్నారు. యాభై ఎనిమిది మంది. ఎవడు ఏ ఊరివాడు, ఇక్కడ నుండి ఎటు పోయాడు, చివరి మాట ఏం చెప్పాడు, అన్నీ రాశాను. "మా బావ జాడ తెలుస్తలేదు, జర చూడు నర్సింలన్నా" అని ఎవరైనా వస్తే బుక్కు తీస్తాను. తొమ్మిది మందిని అట్లా దొరికించాను. ఇప్పుడు కాగితాలు చెమటకు మెత్తబడి పిండి అవుతున్నాయి. జూన్‌లో నా ఖురూజ్. పాస్‌పోర్ట్ మీద ఆ ముద్ర పడ్డదంటే ఇక తిరిగి రావడం లేదు. నేను పోయాక ఎవరైనా వచ్చి అడిగితే చెప్పేది ఎవరు?

మా ఆఫీసు సర్వర్ రూముకు ఏసీ చూసేది నేనే. అక్కడ ఒక పాత సర్వర్ పక్కకు పెట్టారు. ఇంజనీర్ ఇష్తియాక్ లక్నో మనిషి. "చాచా, యే మిషన్ రిటైర్ హో గయా, ఆప్ కీ తరహ్" అన్నాడు, నాలాగే మిషన్ కూడా రిటైర్ అయిందట. "రిటైర్ మై నహీ హువా" అన్నాను. సిగ్గుపడి ఆ మిషన్ నాకే ఇచ్చాడు, మూల అరలో పెట్టుకోమన్నాడు.

నువ్వు చేసే కొలువు ఇదే కదా. మనుషులను మిషన్‌లో ఎట్లా పెట్టాలో రాసి పంపు. ఫోటోలు తీసి పంపు, నేను ఎక్కిస్తాను అనకు. వాళ్ళు చెప్పింది నాకు. నా చేతితోనే పోవాలి.

నర్సింలు


హైదరాబాద్
3 నవంబర్ 2024

పెద్దబాపూ,

నీ ఉత్తరం అమ్మ నాకు చదివి వినిపించింది. నవ్వలేదు. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

నీ మనుషుల కోసం నేను ముందు గళ్ళ పట్టిక అనుకున్నాను. పేరు ఒక గడి, ఊరు ఒక గడి, పాస్‌పోర్ట్ నంబర్ ఒక గడి. మళ్ళీ ఆలోచిస్తే నీ మనుషులు గళ్ళలో పట్టరు అనిపించింది. చిన్నప్పుడు నువ్వు చుట్టీకి వచ్చినప్పుడు చెప్పేవాడివి కదా, ఒకని పేరు తెలియదు, ఊరు తెలుసు, ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది. ఒకడు నీళ్ళు తాగేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు అని. అందుకే నోఎస్‌క్యూఎల్ డేటాబేస్ పంపుతున్నాను. అందులో ఒక్కో మనిషికి ఒక్కో కాగితం. తేలు ఉన్నవాడికి తేలు రాసుకో, లేనివాడికి ఆ మాటే ఉండదు. ఎన్నేళ్ళ తర్వాతైనా ఒక మనిషికి కొత్త మాట కలపవచ్చు. మిగతావాళ్ళకు ఏ అడ్డూ రాదు.

అప్పాల డబ్బాలో అడుగున పెన్‌డ్రైవ్ ఉంది. కొట్టాల్సిన వరుసలు పెద్ద అక్షరాలతో వేరే కాగితం మీద రాశాను. ఏసీ ప్లేట్ల మీద ఇంగ్లీష్ అక్షరాలు చదువుతావు కాబట్టి ఇవీ చదవగలవు.

ఒక్క మాట. ఆ బుక్కులో బాపు పేజీ ఉందా? ఉంటే మొదట అదే ఎక్కించు. ఆయన జాడ లేక పద్నాలుగేళ్ళు. అమ్మ ఇంకా బొట్టు పెట్టుకుంటుంది, పెట్టుకునేటప్పుడు అద్దం మాత్రం చూడదు.

కావ్య


అల్ అజీజియా
29 నవంబర్ 2024

కావ్యా,

అప్పాలు ఒకరోజులో అయిపోయాయి. పెన్‌డ్రైవ్‌కు నూనె అంటింది, తుడిచాను.

ఇష్తియాక్ పని మీద రియాద్ పోయాడు, రెండు నెలలకు గానీ రాడు. పోయేముందు మిషన్ తెరిచే దారి చూపించాడు. ఒక్కో అక్షరం వెతికి కొట్టడానికి ఒక పూట పట్టింది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నపు జొహర్ అజాన్ వినిపించింది. ఆఖరి వరుస కొట్టాను. మిషన్ రెండు ముక్కలు ఇంగ్లీషులో అని ఆగిపోయింది. అవి చూసి రాసుకుని ఇష్తియాక్‌కు ఫోన్ చేస్తే, "చాచా, సాఫ్ట్‌వేర్ నయా హై, మిషన్ బుడ్ఢా. ఇస్కే బస్ కా నహీ" అన్నాడు, ఈ ముసలి మిషన్ వల్ల కాదట.

నాకు కోపం వచ్చింది, రాస్తున్నాను. ముసలి మిషన్ అని తెలిసి కొత్తది ఎందుకు పంపావు? ముసలాయన ఏం చేస్తాడులే, ఊరికే ఆడుకుంటాడు అనుకున్నావా? నేను ఇరవై ఏళ్ళ ఏసీలు ఈరోజుకీ నడిపిస్తున్నాను. పాతదానికి పాత సామాను వేయాలి. అది పని తెలిసినవాడి లక్షణం.

మీ బాపు సంగతి అడిగావు. ముందు మిషన్ మొదలు కానీ.

నర్సింలు


హైదరాబాద్
20 డిసెంబర్ 2024

పెద్దబాపూ,

తప్పు నాదే. మిషన్ వయసు అడగకుండా పంపాను. ఈసారి దాని కాలం నాటి సాఫ్ట్‌వేర్ పంపుతున్నాను. కొత్త కాగితం కూడా ఉంది, రెండు వైపులా చదువు.

సాఫ్ట్‌వేర్‌కు మనుషులను దాచడానికి ఒక చోటు చూపించాలి. అసలు చోటుకు మీ ఇంజనీర్ అనుమతి కావాలి, అతను వచ్చాక చూద్దాం. అంతదాకా మొదలవుతుందో లేదో తెలియడానికి తాత్కాలికంగా ఒక చోటు రాశాను.

మొదలయ్యాక ఏమీ కనిపించదు, భయపడకు. దీపం వెలగదు, పాట రాదు. ఆఖరున ఒక్క వరుస వస్తుంది. ఎవరైనా వస్తారని ఎదురుచూస్తున్నాను అని దాని అర్థం. అంతే. ఎవరో వచ్చి అడిగేదాకా అది ఒక తలుపు దగ్గర చెవి ఒగ్గి కూర్చుంటుంది. రోజులు, నెలలు. దాని పనే అది.

బాపు పేజీ ఉందో లేదో నువ్వు చెప్పలేదు.

కావ్య


అల్ అజీజియా
24 జనవరి 2025

బిడ్డా కావ్యా,

మొదలైంది.

ఆ ఆఖరి వరుస వచ్చింది. నువ్వు రాసిన అక్షరాలే. ఒక్కొక్కటీ కాగితంతో కలిపి చూసుకున్నాను. ఆ తర్వాత ఏమీ లేదు. నల్లటి తెర, ఒక చిన్న తెల్ల గీత, కొట్టుకుంటూ. గుండె లాగా అనను, ఏసీ ఇండికేటర్ లాగా అంటాను. నాకు తెలిసింది అదే.

బయట ఎండకు రోడ్డు తెల్లగా ఉంది. లోపల పద్దెనిమిది డిగ్రీలు. స్వెటర్ వేసుకుని కూర్చుని ఒక్కొక్కణ్ణి ఎక్కిస్తున్నాను. ఎక్కిస్తుంటే మనిషి వస్తాడు బిడ్డా. పిచ్చి అనుకో. కోరుట్ల రాజేశం ర్యాకుల సందులో నిలబడి తల తుడుచుకుంటాడు. తేలు పచ్చబొట్టువాడు చల్లగాలికి చేతులు చాపుతాడు. మిషన్ల మోత వానలాగా ఉంటుంది. రాయడం అయితే ఒకడు పోతాడు, ఇంకొకడు వస్తాడు. నాకు కునుకు పట్టిందో ఏమో, చెప్పలేను.

నలభయ్యో మనిషి దాకా వచ్చాను. ఎక్కించిన పేజీని చింపి, చుట్టీకి పోయేవాళ్ళ చేతికిచ్చి ఆ మనిషి ఇంటికే పంపుతున్నాను. మిషన్‌లో పడ్డాక ఆ కాగితం వాళ్ళది.

నువ్వు పంపిన కాగితాన్ని మిషన్ అరకే గట్టిగా అంటించాను. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి. మిషన్ కాగితం మిషన్ మీద ఉండాలి, జేబులో కాదు.

నర్సింలు


హైదరాబాద్
14 ఫిబ్రవరి 2025

పెద్దబాపూ,

ఎవరు ఎక్కించమన్నారు? కాగితం వెనకవైపు ఎర్ర ఇంకుతో రాశాను కదా, ఇది ప్రయత్నానికే, మిషన్ ఆగితే ఈ చోటు తుడిచిపెట్టుకుపోతుంది, ఒక్క మనిషిని కూడా పెట్టకు అని! వెనకవైపు చూడలేదా? ఈ ఉత్తరం అందగానే ఏదీ ఆపకు, ఏదీ ముట్టుకోకు. అసలు చోటుకు మార్చే వరుసలు కింద రాశాను. పేజీలు చింపడం ఆపు. పరుగున రాస్తున్నాను, చుట్టీ అయిపోయి నాగుల మహేష్ రేపే అక్కడికి వస్తున్నాడట.

కావ్య


అల్ అజీజియా
15 ఫిబ్రవరి 2025

కావ్యా,

నిన్న శుక్రవారం. బిల్డింగ్ మెయిన్ లైన్ పని ఉందని కరెంటు ఆపమన్నారు. మెయిన్ స్విచ్ ఆపింది నేనే. నా పని అది. సాయంత్రం వేశాను. మిషన్ లేచింది. మీ డేటాబేస్ లేవలేదు. కాగితం చూసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ ఎదురుచూసే వరుస వచ్చింది. రాజేశాన్ని అడిగాను. లేడంది. తేలువాణ్ణి అడిగాను. లేడంది. ఎవరూ లేరు. ఊడ్చిన గదిలాగా ఉంది.

నువ్వు నాకు ఓటి కుండ ఇచ్చావు. చెప్పవద్దా? నన్ను నమ్మి చెప్పిన మనుషులు. ఒకసారి దేశం మింగింది, రెండోసారి నా చేయి మింగింది.

ఇక వద్దు. మిగతా పేజీలతో బుక్కు మూసి కట్టేశాను.

నర్సింలు


హైదరాబాద్
2 ఏప్రిల్ 2025

పెద్దబాపూ,

మన రెండు ఉత్తరాలు ఆకాశంలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాది చేరేసరికి నీ పని అయిపోయింది. ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది. కాగితాన్ని అరకు అంటించావు కదా, ఎర్ర ఇంకు ఇనుము వైపు ఉండిపోయింది. నీ తప్పా నా తప్పా అని అమ్మను అడిగితే, "ఇద్దరూ ఒక్క తీరే, ముందువైపే రాస్తరు, ముందువైపే చదువుతరు" అంది.

కానీ విను. నువ్వు పేజీలు ఇళ్ళకు పంపావు. నేను ఆ ఇళ్ళకు పోయాను. ఆరు ఆదివారాలు. కోరుట్ల, రాయికల్, ధర్మపురి, అటు ఆర్మూర్ దాకా. ప్రతి ఇంట్లో పేజీని పోపుల డబ్బాలోనో ఫోటో వెనకో దాచుకున్నారు. రాజేశం భార్య పేజీ ఇవ్వను, ఇక్కడే రాసుకొమ్మంది. రాసుకుంటుంటే, "నర్సింలన్న ఇది రాయలేదు గదా, రాసుకో బిడ్డా, ఆయనకు ఎడమ చెవి వినపడదు, కుడివైపు నుంచి పిలవాలె" అంది. నువ్వు పంపినదానికన్నా ఎక్కువ తెచ్చాను. అందరూ ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నారు. ఈసారి అసలు చోటు. మిషన్ పడి లేచిన ప్రతిసారీ డేటాబేస్ తనంతట తానే లేచే వరుస కూడా రాశాను. అన్నీ ముందువైపే.

ముప్పై తొమ్మిది మంది దొరికారు. నలభై అన్నావు. పేజీల మీద నువ్వు వేసిన నంబర్లు చూశాను. ఇరవై ఏడు లేదు. ఏ ఇంటికీ రాలేదు.

ఆ పేజీ మా ఇంటిది కదా?

తుడిచిపెట్టుకుపోయిందని రాసినప్పుడు ఒక క్షణం అనుకున్నాను, కావాలనే కరెంటు ఆపావేమో అని. అలా అనుకున్నందుకు క్షమించమని అడగను. నువ్వు నిజం రాసిన రోజు అడుగుతాను.

కావ్య


అల్ అజీజియా
25 ఏప్రిల్ 2025

కావ్యా,

ఆ కాగితాన్ని బ్లేడుతో గీకి తీశాను. ఎర్ర ఇంకు సగం ఇనుముకే ఉండిపోయింది. చదివాను. తప్పు నాది. ఈ మాట ఇంత పెద్ద అక్షరాలతో ఎవరికీ ఎప్పుడూ రాయలేదు, నీకు రాస్తున్నాను.

ఇరవై ఏడు మీ బాపు నాగేందర్. దాన్ని నేను ఎక్కించనే లేదు. ఇరవై ఆరు అయ్యాక ఇరవై ఎనిమిది కొట్టాను. నలభై అని నీకు అబద్ధం చెప్పాను.

విను. 2010లో నాగేందర్ నా కింద హెల్పర్. ఖాళీ ఆఫీసులో ఒక ఏసీ ఆపకుండా వదిలి వచ్చాడు. అది కాలిపోయింది. మిషన్ ఆపకుండా గది దాటవద్దని వాడికి నేనే నేర్పాను. పద్నాలుగు మంది ముందు చెంప మీద కొట్టాను. "ఎందుకు ఆపలేదురా" అంటే, "వచ్చేటోనికి చల్లగ ఉండాలె గదా అన్నా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "నా కండ్ల ముందర ఉండకు" అన్నాను. తెల్లారి వాడు లేడు.

మీకు చెప్పింది ఇంతవరకే. ఆ తర్వాత జాడ లేదని చెప్పాను. అది అబద్ధం. ఎనిమిది నెలలకు ఈ దేశపు దక్షిణ కొసన ఉన్న జిజాన్ నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడ తోటలో చెట్లకు నీళ్ళు పెడుతున్నాను, ఈ దేశంలో ఉండే ఇకామా కాగితం నా దగ్గర లేదు, ఎటూ కదలలేను, నువ్వు ఒక్క మాట రాయి అన్నా, లేకపోతే వచ్చి తీసుకుపో అని. క్షమించు అన్న మాట లేదు. ఆ మాట రానీ అని చూశాను. నేను పెద్దవాణ్ణి, ముందు నేను రాయడం ఏమిటి అనుకున్నాను. ఐదు నెలలు అట్లా పోయాయి. తర్వాత పోయాను. తోటలో లేడు. ఎక్కడికి పోయాడో తోటవాళ్ళు చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదు. సిగ్గు.

తొమ్మిది మందిని దొరికించానని గొప్ప చెప్పుకున్నాను కదా. నా తమ్మునికి ఒక్క ఉత్తరం రాయలేకపోయాను. రాయడం రాక కాదు.

ఆ ఉత్తరం, ఇరవై ఏడో పేజీ, రెండూ ఇందులో పెట్టాను. మీ అమ్మకు ఇవ్వు. ఆమె ఏమన్నా పడతాను.

నర్సింలు


హైదరాబాద్
16 మే 2025

పెద్దబాపూ,

అమ్మకు రెండూ ఇచ్చాను. ఉత్తరం తీసుకుని లోపలికి పోయింది. ఒక పూట తర్వాత వచ్చి, "ఆయన రాత గిట్ల ఉంటదని మరిచిపోయిన" అంది. మళ్ళీ లోపలికి పోయింది.

నాకు నీ మీద చాలా కోపం ఉంది. అది పోయిందని రాయలేను. నువ్వు జూన్‌లో విమానం ఎక్కేముందు ఒక పని చెయ్యి. మళ్ళీ జిజాన్ పో. ఈసారి గట్టిగా అడుగు. ఏం తెలిసినా, ఏమీ తెలియకపోయినా, బాపు కాగితం నీ చేతితో ఎక్కించు.

కరెంటు కావాలని ఆపావేమో అనుకున్నందుకు క్షమించు. నిజం రాశావు.

కావ్య


అల్ అజీజియా
20 జూన్ 2025

బిడ్డా కావ్యా,

పోయి వచ్చాను. రియాద్ మీదుగా బస్సు, ఒక పగలూ ఒక రాత్రీ. ఎడారి అయిపోయి కొండలు, కొండలు అయిపోయి పచ్చటి మడులు. గాలిలో ఉప్పు. నిద్రకూ మెలకువకూ నడుమ ఉన్నట్టు ఉంది ఆ దేశం.

తోట ఉంది. మామిడి తోట. కాయలు కోస్తున్నారు. ఒక బంగ్లాదేశీ ముసలాయన, అప్పటివాడే, నా ముఖం చూసి గంప కింద పెట్టాడు. "నాగీందర్ కా భాయ్?" అన్నాడు. పోలిక ఉందట. నేను అవునన్నాను. గట్టిగా అడిగాను. చెప్పాడు.

మీ బాపు ప్రతి శుక్రవారం స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని గేటు దగ్గర కూర్చునేవాడట. రోడ్డు మీద బస్సు ఆగితే లేచి నిలబడేవాడట. ఎవరైనా వేళాకోళం చేస్తే, "మా అన్న కోపిష్టి, కానీ వస్తాడు" అనేవాడట. నాకు ఉత్తరం రాసిన ఐదో నెలలో జ్వరం. కాగితాలు లేవని ఆస్పత్రికి పోవడానికి భయపడ్డాడు. నాలుగు రోజులు. పోలీసులకు భయపడి తోటవాళ్ళే ఊరవతల పెట్టారు. అందుకే ఆనాడు నాకు చెప్పలేదు. నేను వచ్చింది వాడు పోయిన పదకొండో రోజున.

ముసలాయన చోటు చూపించాడు. పేరు లేదు. నాలుగు రాళ్ళు, పక్కన ఒక మామిడి మొక్క, ఇప్పుడు చెట్టు. నీడలో కూర్చున్నాను. గాలి చల్లగా ఉంది. ఎంతసేపో తెలియదు. వాడు పక్కన కూర్చున్నట్టే ఉంది.

మీ అమ్మకు నువ్వే చెప్పు. మెల్లగా చెప్పు. ఆ చోటు మట్టి కొంత తెస్తున్నాను.

వచ్చి ఇరవై ఏడో మనిషిని ఎక్కించాను. నాగేందర్. ఊరు, అవ్వ పేరు, నాయిన పేరు. భార్య సరళ, బిడ్డ కావ్య. ఎక్కడ ఉన్నాడు: జిజాన్, మామిడి చెట్టు కింద. నువ్వు ఏనాడో రాశావు, ఒక మనిషికి కొత్త మాట కలపవచ్చు, మిగతావాళ్ళకు అడ్డురాదు అని. నేను వీడికి ఒక మాట కలిపాను. జవాబు అని. దాని ఎదురుగా రాశాను, తమ్మీ నాదే తప్పు, నేను వచ్చిన అని. పద్నాలుగేళ్ళు ఆలస్యం. మిషన్ తీసుకుంది.

నువ్వు పంపిన ముప్పై తొమ్మిది మంది ముందే అసలు చోటులో ఉన్నారు. మిగిలిన పద్దెనిమిది మందినీ ఎక్కించాను. అందరినీ పెన్‌డ్రైవ్‌లో కూడా తెస్తున్నాను. మిషన్ ఇక్కడే ఉంటుంది, చూసుకుంటానని ఇష్తియాక్ నా చేతిలో చేయి వేశాడు. పనోళ్ళు వచ్చి అడిగితే తీసి చెప్తాడు.

ఇవాళ పనికి చివరి రోజు. సామాను సర్దాను. ఆఖరుసారి ఆ గదికి పోయాను. స్వెటర్ విప్పి కుర్చీకి వేశాను, ఎవరైనా వస్తే ఉంటుందని. తలుపు దగ్గర చెయ్యి తనంతట తాను స్విచ్ మీదికి పోయింది. ముప్పై నాలుగేళ్ళ అలవాటు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏసీ నడుస్తున్నది. మిషన్ వింటున్నది. వచ్చేటోనికి చల్లగా ఉండాలి కదా.

మంగళవారం పొద్దున దిగుతాను. మీ అమ్మ ఇష్టపడితేనే ఎయిర్‌పోర్ట్‌కు రండి.

పెద్దబాపు